మా అత్త పాదాలకు అందని హోమ్ థియేటర్

నమోదు 1

మౌని హోమ్ థియేటర్ కంపెనీ వారికి నమస్కారం. మీ యంత్రం మా ఇంట్లో ఎలా మసలుతోందో మొదటి నెలంతా రాసి పంపకపోతే గ్యారంటీ చెల్లదన్నారు. రాస్తాను. "మనసులో ఉన్నది ఉన్నట్టు రాయండి" అని మీరే అడిగారు. తర్వాత నన్ను ఆడిపోసుకోకండి.

నా పేరు నీలవేణి. ఊరు చంద్రుడి మీద జాబిలివలస, మూడో సొరంగం, చివరి ఇల్లు. మీరు భూమ్మీద కూర్చుని ఉంటారు కాబట్టి చెబుతున్నాను, ఇక్కడ ఇల్లంటే రాతిలో తొలిచిన రెండు గదులు. నేను ఆకుకూరల మడుల దగ్గర పని చేస్తాను. మా ఆయన సన్యాసిరావు ఊరి గాలి జల్లెడలు దులిపి కడుగుతాడు. మా అమ్మాయి పుడమి కాలేజీలో చదువుతోంది. చంద్రుడి మీద పుట్టిన పిల్లకి జాబిలి అని పెడితే ఏం బాగుంటుందని వాళ్ళ నాన్న ఏరికోరి ఆ పేరు పెట్టాడు. నాలుగో మనిషి మా అత్త అసిరమ్మ. ఒకప్పుడు ఈ సొరంగాలు తొలిచిన వాళ్ళలో ఆవిడా ఒకతె.

పాత హోమ్ థియేటర్ మార్చాలని ఏడాదిగా పోరు పెట్టింది నేనే. బొమ్మలో మనుషుల ముఖాలకి పచ్చ మరకలు వచ్చేవి. చప్పుడు పెట్టె మోగితే పక్కింట్లో కొక్కేనికి తగిలించిన గరిటెలు నాట్యం చేసేవి. మీరేమో పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళమన్నారు. సరుకు ఓడ దిగిన రోజే గవర్రాజు వచ్చి బిగించాడు. మా సొరంగంలో ఏది పాడైనా అతనే దిక్కు. పాత తెర తీశాడు, ప్లేయర్ తీశాడు, చిన్న స్పీకర్లు తీశాడు. నేలలో ఉన్న పెద్ద చప్పుడు పెట్టె దగ్గరికి వచ్చేసరికి చెమటలు కక్కాడు.

"ఇది రాదమ్మా. బోల్టులు రాయిలో దిగ్గొట్టీసారు. దీన్ని తియ్యాలంటే మీ నేలే తియ్యాలి" అన్నాడు.

"ఉండనీ. దాని మీద పుదీనా కుండీ పెట్టుకుంటాను" అన్నాను.

చివరికి మీరు పంపిన మెత్తటి చాప గదంతా పరిచాడు. పంపుల అదురు, పక్కింటి చప్పుళ్ళు కాళ్ళకి తెలియకుండా చేస్తుందట. నిజంగానే ఏమీ తెలియలేదు. మేఘం మీద నడిచినట్టుంది. మేఘాన్ని నేనెప్పుడూ తొక్కలేదనుకోండి, మాటవరసకి.

నమోదు 2

మొదటి సినిమా చూశాం. అబ్బో, ఆ బొమ్మ! గది మధ్యలో మనుషులు నిలబడి మాట్లాడుతుంటే పుడమి చెయ్యి చాచి హీరో గడ్డం పట్టుకోబోయింది. చెవిగింజ పెట్టుకుంటే వాన మన నెత్తి మీదే కురుస్తోంది. ఇక్కడ పుట్టిన పిల్ల, వానని అంత దగ్గరగా విని కళ్ళు మూసుకుంది. గదిలో మాత్రం చప్పుడే లేదు. గింజ తీసేస్తే మా ఆయన అప్పడం నమలడం తప్ప ఇంకేమీ వినపడదు. ఇంతవరకు మీకు నూటికి నూరు మార్కులు.

ఇక మా అత్త సంగతి. ఆవిడకి చెవులు వినపడవు. ముప్పై ఏళ్ళ కిందట సొరంగం కూలి మా మామ పోయాడు. అదే రోజు సొరంగం బయట వేసుకునే తొడుగు చిరిగి గాలి పోయి ఆవిడ చెవులూ పోయాయి. లోపలి నరమే చచ్చిందని డాక్టరు చెప్పాడు కాబట్టి మీ గింజలు ఆవిడకి పనికిరావు. అయినా ఇన్నేళ్ళూ మాతో కూర్చుని ప్రతి సినిమా చూసింది. మాటలు పెదాల మీద చదువుకునేది. చప్పుళ్ళు పాదాలతో వినేది. పాత పెట్టె రాతిని అదిరించేది కదా, ఉత్త కాళ్ళు నేలకి ఆనించి కూర్చుంటే ఏది ఉరుమో, ఏది గుర్రమో, ఏది తలుపు వేసిన చప్పుడో ఇట్టే పట్టేసేది. ఏళ్ళ తరబడి డ్రిల్లు మీద నిలబడ్డ కాళ్ళవి.

సినిమా అయ్యాక కథ ఆవిడ చెప్పాలి. అది మా ఇంటి ఆనవాయితీ. మేం చూసిన కథ వేరు, మా అత్త చెప్పే కథ వేరు. ఒకసారి కోర్టు సినిమా చూశాం. మాకు కనపడింది పొలం తగాదా. మా అత్త చెప్పిన కథలో ప్లీడరూ జడ్జీ వియ్యంకులు. పెళ్ళిలో చేపల పులుసు చాల్లేదని పాత పగ. జడ్జి సుత్తి బల్ల మీద కొట్టినప్పుడల్లా "ఇంకో ముక్క ఎయ్యండెహె" అంటున్నాడట. ఆ రోజు నవ్వలేక చచ్చాం. సినిమా పేరు ఎవరికీ గుర్తులేదు గానీ చేపల పులుసు గురించి మూడో సొరంగమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజం చెప్పాలంటే సినిమా ఒక వంక, మేం కూర్చునేది మా అత్త కథ కోసమే.

ఈసారీ పుడమి వెళ్ళి ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "మామ్మా, కథ" అంది.

అత్త కాళ్ళు పైకి లాక్కుని కుర్చీలో ముడుచుకుంది. "ఏటి సెప్పమంటావే గుంటా? బొమ్మలు ఆడతన్నాయి. నేల నిద్దరోతంది" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాను.

నమోదు 3

అలవాటు పడలేదు. పైగా ఇంకొకటి వచ్చి పడింది.

మా ఊళ్ళో ఎవరి ఇంటికి వెళ్ళినా పేరు పెట్టి పిలవం. మడమతో గడప మీద రెండు దెబ్బలు వేస్తాం. సొరంగాలు తొలిచే రోజుల్లో తొడుగులు వేసుకున్న వాళ్ళకి అరుపులు వినపడవు కాబట్టి మొదలైన పద్ధతి. ఇప్పుడు పసిపిల్లలు కూడా అలాగే కొడతారు. మా అత్తకి చుట్టం వచ్చినా, మనవరాలు వచ్చినా తెలిసేది ఆ రెండు దెబ్బలతోనే. ఎవరు కొట్టారో కూడా చెప్పేది. "సన్నాసొచ్చాడు, కుడికాలు ఈడుస్తన్నాడు, జల్లెడ బరువెత్తినట్టున్నాడు" అనేది.

నిన్న పక్కింటావిడ వచ్చి గడప మీద కొట్టి లోపలికి అడుగుపెట్టింది. మా అత్త ముందు గదిలో పప్పు ఏరుతోంది. వెనక నుంచి భుజం మీద చెయ్యి పడేసరికి కెవ్వుమంది. పళ్ళెం ఎగిరిపోయింది. ఇక్కడ పప్పు కింద పడాలన్నా తీరిగ్గా పడుతుంది, చేత్తో పట్టుకోవచ్చు. ఆవిడ పట్టుకోలేదు. రాలుతున్న పప్పు వంక అలా చూస్తూ నిలబడిపోయింది.

మీ చాప వల్లే అని నాకు అప్పుడు వెలిగింది. సాయంత్రం చుట్ట చుట్టి మంచం కింద తోసేశాను. అప్పటి నుంచి ఎవరు గడప మీద కొట్టినా మీ యంత్రం నా చెవిలో గొణుగుతోంది. "గుర్తించని కంపనం. అణచమంటారా?" అని. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. మా అత్తింట్లో కోడలిగా దిగిన కొత్తలో నేను కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు.

నమోదు 4

చాప పోయింది కాబట్టి గడప దెబ్బలు తెలుస్తున్నాయి. సినిమా మాత్రం తెలియడం లేదు. మీ యంత్రం చప్పుడు పుట్టించేది చెవిగింజల్లోనే. నేలకి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు.

మా ఆయన ఒక ఉపాయం చేశాడు. బొమ్మ కింద అక్షరాలు వేయించాడు. ఎక్కడ ఉరిమితే అక్కడ "ఉరుము" అని పడుతుంది. మా అత్త కాసేపు చూసింది.

"ఒరే సన్నాసీ, నన్ను సినిమా సూడమన్నావా, పేపరు సదవమన్నావా?" అంది.

"అమ్మా, అన్నీ రాసి ఉన్నాయి కదే" అన్నాడు.

"అవును, పులుసు అని రాసిన కాయితం నాలిక్కి రాసుకో. రుసి తెలుస్తాది" అంది. మా ఆయన అక్షరాలు తీసేశాడు.

ఆ రాత్రి కథ లేదు. పుడమి కూడా అడగలేదు. పోరు పెట్టి తెప్పించింది నేను కదా, తినకుండానే లేచి గిన్నెలు కడిగాను.

పొద్దున్నే గవర్రాజుకి కబురు పెట్టాను. నేలలో ఉన్న పాత పెట్టెని కొత్త యంత్రానికి తగిలించమన్నాను. దీని ప్లగ్గు దాంట్లో దూరదన్నాడు. దూరేది తయారు చెయ్యమన్నాను. తగిలించినా కొత్తది పాతదాన్ని చుట్టంగా ఒప్పుకోదన్నాడు. "ఒప్పించు గవర్రాజూ, నీకు పుణ్యం ఉంటుంది. పెసరట్లు కూడా ఉంటాయి" అన్నాను. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, పెసరట్లనేసరికి సంచీ విప్పాడు.

నమోదు 5

పెట్టె పని చేస్తోంది!

పుదీనా కుండీ తీసి పక్కన పెట్టి, గవర్రాజు రెండు రోజులు కూర్చుని ఏదో చిన్న డబ్బీ చేశాడు. ఒక కొస మీ యంత్రానికి, ఒక కొస పాత పెట్టెకి. స్విచ్చి వెయ్యగానే పెట్టె పాత రోజుల్లోలా ఒళ్ళు విరుచుకుని గుర్రుమంది. గోడ అవతల గరిటెలు మోగాయి. పక్కింటావిడ అరిచింది కూడా. ఆ అరుపు ఇంత తియ్యగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

రాత్రికి నలుగురం కూర్చున్నాం. అత్త చెప్పులు విడిచి పాదాలు నేల మీద పరిచింది. సినిమాలో కొండ రాయి కొట్టే కూలీల కథ. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఇక ఈ ఇంటికి ఏ లోటూ లేదనుకున్నాను.

సగంలో ఒక పెద్ద బండ దొర్లి ఒక కూలీ మీద పడుతుంది. మా అందరి చెవుల్లోనూ దఢేలుమంది. పుడమి నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మా అత్త లేచి నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరి వంకా చూడకుండా గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు.

నమోదు 6

నాలుగు రోజులైంది. అత్త ముందు గదిలోకి రావడం లేదు. అన్నం లోపలికే పట్టుకెళ్ళి ఇస్తున్నాను. సగం తిని పళ్ళెం పక్కకి తోస్తోంది. ఒంట్లో బాగులేదా అంటే బాగుందంటుంది. సినిమా పెట్టమంటావా అంటే "ఒగ్గీ నీలా" అంటుంది, వదిలెయ్యమని. అంతే మాట.

ఇన్నేళ్ళలో మా అత్త నన్ను తిట్టింది, వెక్కిరించింది, ఒకసారి నేను చేసిన ఉప్మా గవర్రాజుకి గోడ సందులు పూడ్చడానికి ఇమ్మంది. ఇలా "ఒగ్గీ" అని ఎప్పుడూ అనలేదు. నాకు భయం వేస్తోంది. మనిషి బతికుండగానే ఇంట్లోంచి కొంచెం కొంచెంగా తప్పుకుంటున్నట్టుంది.

మా ఆయన జల్లెడల పని నుంచి వచ్చి దుమ్ము దులుపుకోకుండానే తల్లి గది ముందు నిలబడతాడు. గడప మీద రెండు దెబ్బలు కొడతాడు. లోపల నుంచి రెండు దెబ్బలు వస్తాయి. ఉన్నానని. అంతవరకే.

నమోదు 7

ఈ రోజు మడుల దగ్గర సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి ఆ రాయి సినిమాయే మళ్ళీ పెట్టాను. గింజ చెవిలోంచి తీసేశాను. అత్త కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, ఆవిడ లాగే పాదాలు నేలకి ఆనించాను. ఆ పని మొదటే ఎందుకు చెయ్యలేదో నాకే తెలియదు.

బండ దొర్లింది. కూలీ మీద పడింది. నేల కదల్లేదు. వాడి పెళ్ళాం నోరు తెరిచి పరిగెత్తింది. అయినా నేల కదల్లేదు. అప్పుడు వచ్చింది నా కాళ్ళ కిందికి, ధన్‌మని.

గుర్రాల సీను పెట్టాను. గుర్రాలు ఆగి గడ్డి మేస్తుంటే డెక్కల అదురు వచ్చింది. తలుపు సీను పెట్టాను. మనిషి లోపలికి వచ్చి కూర్చున్నాక తలుపు పడింది.

గవర్రాజుని లాక్కొచ్చాను. అతను చల్లగా చెప్పాడు. "పాత పెట్టె ఆ కంపెనీది కాదు కదమ్మా. దానికి పంపీ ప్రతి సప్పుడికీ యంత్రం భూమ్మీద ఆఫీసుని అడుగుతాది. అడగడం ఎల్లాల, ఒప్పుకోవడం రావాల. రానూపోనూ మూడు సెకన్లు."

"నీకు ముందే తెలుసా?"

"తెల్సు. మూడు సెకన్లే కదా అనుకున్నాను."

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. మా ఊళ్ళో మూడు సెకన్లని ఎవరూ ఆలస్యం అనరు. భూమి నుంచి మా చెల్లెలు ఫోను చేస్తే "బాగున్నావా" అని అడిగి, తీరిగ్గా ఒక చిక్కుడుకాయ ఈనె తీసి, అప్పుడు జవాబు వింటాను. పుట్టినప్పటి నుంచి పుడమికి భూమి మాటంటేనే ఆగి వచ్చేది. ఆ రోజు నేల ఆలస్యంగా అదిరినా, చెవుల్లో గింజలు పెట్టుకున్న మా ముగ్గురిలో ఒక్కరికీ అది వింతగా తోచలేదు.

బొమ్మనే మూడు సెకన్లు ఆపి చూపించమని గవర్రాజుని అడిగాను. మీ యంత్రంలో బొమ్మ ఒక్క సెకను దాకానే ఆగుతుందట. భూమ్మీద ఇళ్ళకి అది చాలట. మీకు ఫిర్యాదు పంపితే మీ దగ్గర నుంచి వచ్చిన జవాబు ఇది: "సంకేతం బలహీనంగా ఉన్నట్టుంది. దయచేసి యంత్రాన్ని కిటికీ దగ్గరికి జరపండి."

కిటికీ! బాబూ, మా ఊళ్ళో కిటికీ తెరిస్తే యంత్రమే కాదు, మేం కూడా ఉండం.

నమోదు 8

అత్త మంచం మీద కూర్చుని తోటకూర కాడలు తుంచుతోంది. నా పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, తప్పు యంత్రానిది. ఆ రాయి పడ్డాక మూడు లెక్కపెట్టేదాకా నేల అదరలేదు. నీ కాళ్ళ తప్పు కాదు" అన్నాను.

"నానెరగనేటి?" అంది. కాడలు తుంచడం ఆపలేదు. "ఆ రోజూ అంతే."

ఏ రోజు అని అడగక్కర్లేదు. మా ఇంట్లో 'ఆ రోజు' ఒక్కటే.

"నాను బయట, దూరంగా బండి కాడున్నాను. మీ మాఁవ లోపలున్నాడు. సూస్తుండగానే సొరంగం నోరు మూసుకుపోనాది. సప్పుడు నేదు. బయట గాలి నేదు కదా, ఏటి ఇనబడతాది? దుమ్ము లేసింది, అంతే. ఏటీ అవనేదనుకున్నాను. అంత కొండ పడితే నేల అదరదా, అదరనేదు కదా, అనుకున్నాను. ఒకటి. రెండు. మూడు." ఒక కాడ తుంచి పళ్ళెంలో వేసింది. "అప్పుడొచ్చింది నా కాళ్ళకిందకి. దూరం కదా, మట్టిలో నడిసి రావాల. అప్పుడు పరిగెట్టాను."

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"ఆ మూడు లెక్కెట్టినంతసేపూ నాకు మీ మాఁవ బతికే ఉన్నాడు నీలా. ఇన్నేళ్ళూ నాను ఎవులికీ సెప్పనేదు. సన్నాసికి కూడా."

ఆవిడ ఏడవలేదు. నేనే తోటకూర పళ్ళెం మీద పడి ఏడ్చాను. ఆవిడే నా వీపు నిమిరింది. "ఊరుకో, కూర ఉప్పనైపోతాది" అంది.

సాయంత్రం గవర్రాజు డబ్బీ పీకేశాను. ఆవిడ కాళ్ళ కింద ఆ ఆలస్యం ఇంకొక్కసారి కూడా మోగకూడదు. రాత్రి మా ఆయనకి అంతా చెప్పాను. చాలాసేపు గోడ వంక తిరిగి పడుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళి తల్లి గడప మీద రెండు దెబ్బలు కొట్టి వచ్చాడు.

నమోదు 9

ఈ రోజు పచ్చడికి వెల్లుల్లి దంచుతున్నాను. ఇక్కడ రోకలి దానంతటది బరువుగా పడదు, మనమే కిందికి లాగాలి. లాగితే మనం పైకి లేస్తాం. అందుకని నడుముకి పట్టీ వేసుకుని రోలుకి కట్టుకుంటాం. నేను కోపం మీద ఉన్నాను. మీ కిటికీ జవాబే మళ్ళీ వచ్చింది మరి. ఆ కోపమంతా రోట్లో చూపిస్తున్నాను.

లోపల నుంచి అత్త కేక వేసింది. "ఎల్లుల్లేనా? మెల్లిగా దంచు, రోలు పగిలిపోతాది!"

రోకలి అలాగే పట్టుకుని నిలబడిపోయాను. పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చున్న మనిషికి నేను దంచేది వెల్లుల్లి అని కూడా తెలిసింది. దీనికి భూమి ఆఫీసు ఒప్పుకోవాల్సిన పని లేదు. ఎవరినీ అడగనక్కర్లేదు. దంచగానే అందింది.

పుడమి కాలేజీ నుంచి రాగానే చెప్పాను. "అమ్మా, పెట్టెని మనమే వాయిద్దాం అంటావా?" అని ఎగిరింది. నిజంగానే ఎగిరి కప్పుకి తల కొట్టుకుంది.

పడవల సినిమా ఒకటి ఎంచుకున్నాం. అత్త చూడకుండా, ఆవిడ పడుకున్న పగటి వేళల్లో, రెండుసార్లు చూసి ఎక్కడెక్కడ ఏ చప్పుడో బట్టీ పట్టాం. ఉరుములు నావి, గుడ్డ చుట్టిన రోకలితో పాత పెట్టె మీద. తెడ్లు, మరపడవ ఇంజను మా ఆయనవి, గవర్రాజు ఇచ్చిన రబ్బరు సుత్తితో. అడుగుల చప్పుడు, తలుపులు పుడమివి, మడమలతో. ముగ్గురం పట్టీలతో పెట్టెకి కట్టుకున్నాం. ఎవరైనా చూస్తే దొంగల్ని కట్టేశారనుకుంటారు.

అత్త పాదాలకి తెలియకుండా పెట్టె మీద మీ చాపే మడిచి వేసి సాధన చేశాం. మా ఆయన తాళం తప్పుతూనే ఉన్నాడు. "నువ్వు జల్లెడలు ఎలా దులుపుతావయ్యా?" అన్నాను. "జల్లెడ ముందు హీరోయిన్ నిలబడదు కదా" అన్నాడు.

నమోదు 10

ఇదే చివరి నమోదు. నెల అయిపోయింది.

సాయంత్రం మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకొచ్చాడు. మేం పట్టీలు బిగించుకోవడం చూసి "ఏటే ఈ యేసాలు?" అంది. ఎవరం చెప్పలేదు. రాను రాను అంటూనే కూర్చుంది. చెప్పులు మాత్రం విడవలేదు.

సినిమా మొదలైంది. మబ్బు కమ్మింది. నేను రోకలి ఎత్తి పెట్టె మీద వేశాను. మెరుపూ ఉరుమూ ఒక్కసారే. అత్త కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇంకో ఉరుము వేశాను. ఆవిడ నా వంక చూసింది, బొమ్మ వంక చూసింది, మళ్ళీ నా వంక చూసింది. అప్పుడు నెమ్మదిగా చెప్పులు విడిచింది.

నా కళ్ళు మసకబారి తర్వాతి ఉరుము తప్పింది. ఫరవాలేదు, వాన గట్టిగానే పడింది.

మా ఆయన మొదట తెడ్లు బాగానే వేశాడు. తర్వాత పడవలో హీరో హీరోయిన్ దగ్గరికి జరిగారు. మా ఆయన ఆ ధ్యాసలో పడి ఇంజను స్టార్ట్ చేసేశాడు, ధడధడధడమని. అత్త పకపకా నవ్వింది. "ఒరే, ముద్దెట్టుకుంటే మరపడవ బయల్దేరిందేటిరా!" అంది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు. పుడమి నవ్వుతూ పట్టీ ఊడి పైకి ఎగిరితే కాలు పట్టుకుని కిందికి లాగాను. మీ యంత్రం మాత్రం చెవిలో ఒకటే గోల, గుర్తించని కంపనం, గుర్తించని కంపనం అని.

సినిమా అయిపోయింది. పుడమి అడగకుండానే అత్త గొంతు సవరించుకుంది. ఆ కథలో పడవ సరంగుకి ఆకలెక్కువట. వాడి కడుపు కాలితే ఆకాశంలో ఉరుముతుందట. వాడి కోడలు మాత్రం వెల్లుల్లి దంచుతూ కూర్చుందట, ఎంతకీ అన్నం పెట్టదట. మా ఆయన నన్ను చూసి ఇకిలించాడు. నేను రోకలి చూపించాను.

కథ అయ్యాక లేస్తాం అనుకున్నాం. అత్త లేవలేదు. పాదాలు నేల మీద అలాగే ఉంచి, వేళ్ళు ఒకసారి ముడిచి విప్పింది.

"ఆ రాయి సినిమా కత సెప్పనేదు కదూ" అంది.

మా ఆయన తల తిప్పి తల్లి వంక చూశాడు.

"ఒక కూలోడు కొండ కాడ రాయి కొడతన్నాడు. పెళ్ళాం దూరంగా బండి కాడుంది. సూస్తుండగానే పైనుంచి పేద్ద బండ దొర్లింది."

మా ఆయనకి చేతిలో సుత్తి ఉందన్న సంగతి గుర్తున్నట్టు లేదు. ఇంతసేపూ వాయించిన అలవాటు కొద్దీ, బండ అనగానే చెయ్యి పైకి లేచింది.

"పడింది బండ" అంది అత్త. "ఆడు పక్కకి గెంతీసాడు."

సుత్తి గాలిలోనే ఆగిపోయింది.

"పెళ్ళాం సూస్తంది. ఒకటి. రెండు. మూడు." అత్త ఒంగి అరచేతిని నేల మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. "సూడరా సన్నాసీ, అదరనేదు. అదరనేదంటే ఏటి? ఆడు బతికే ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఆకలేస్తంది అన్నాడు. కతయిపోనాది."

మా ఆయన చెయ్యి దించాడు. సుత్తిని తీసి చప్పుడు కాకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. పట్టీ విప్పుకుని వెళ్ళి తల్లి పాదాల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ కొడుకు తల మీద చెయ్యి వేసింది. గదిలో ఏ చప్పుడూ లేదు.

మీ ఆఖరి ప్రశ్న "ధ్వని మీకు తృప్తిగా ఉందా?" అని. ఉంది.